చార్లెస్ టెగార్ట్ – వంగదేశపు రహస్య పోలీసు

వంగదేశ రహస్య పోలీసు చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధికెక్కినవాడు చార్లెస్ టెగార్ట్. ఆయన 1881లో ఐర్లండునందలి డెర్రీలో జన్మించి, 1901లో భారత పోలీసు ఉద్యోగమున ప్రవేశించెను. 1905 నాటి వంగ విభజన పిమ్మట విప్లవ సమితులు ప్రబలగా, వేగుల వార్తలను, పట్టుబడిన ఉత్తరములను, అనుమానితుల ఆనవాళ్లను దస్త్రములలో కూర్చు పద్ధతిని ఇంటెలిజెన్సు బ్రాంచి పెంపొందించెను. అందు టెగార్ట్ అగ్రగణ్యుడు. 1915 సెప్టెంబరులో బాలేశ్వరము వద్ద బాఘా జతిన్‌ను ముట్టడించిన దళమున ఆయనయు నుండెను.

1923లో ఆయన కలకత్తా పోలీసు కమిషనరయ్యెను. మనుష్యులను గుర్తించుటయే వృత్తిగా గల ఆయనను ఇతరుల పొరపాటు కాపాడెను. 1924 జనవరి 12న గోపీనాథ్ సాహా టెగార్ట్ అని భ్రమించి ఎర్నెస్ట్ డే అను నిరపరాధిని కాల్చి చంపి, తాను ఉరికంబమెక్కెను. 1927లో శరత్‌చంద్రుని ‘పథేర్ దాబీ’ నిషేధింపబడినది టెగార్ట్ కమిషనరుగా నున్న కాలముననే. 1930 ఆగస్టు 25న డల్హౌసీ స్క్వేరులో తనపై విసరిన బాంబుల నుండియు ఆయన తప్పించుకొనెను. 1931లో కలకత్తా పదవి విడిచి, 1937లో పాలస్తీనా పోలీసు సలహాదారుగా వెళ్లి, 1946లో మరణించెను.

విప్లవమును రూపుమాపుటకై కూర్చిన ఆ దస్త్రములు నేడు పశ్చిమ వంగ రాష్ట్ర పురాభిలేఖాలయమున విప్లవకారుల చరిత్రకే ఆధారములైనవి. అయినను అవి వేగువాని కన్నుతో చూచిన వ్రాతలని పరిశోధకుడు మరువరాదు.