ప్రాణవాయువు మర్మ మెరిగిన గ్రే

లూయీ హెరాల్డ్ గ్రే 1905 నవంబరు 10వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. విద్యార్థి వేతనముతో క్రైస్ట్స్ హాస్పిటల్ అను పాఠశాలయందు చదివి, పిదప కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చేరెను. రూథర్‌ఫర్డు అధ్యక్షతన వెలుగొందుచుండిన కావెండిష్ ప్రయోగశాలలో పరిశోధన సాగించెను. అట్టి చోటు విడిచి, 1933లో మౌంట్ వెర్నన్ ఆసుపత్రిలో భౌతికశాస్త్రజ్ఞుడుగా ప్రవేశించెను.

ఆనాటికే రేడియముతోను, ఎక్స్ కిరణములతోను కాన్సరునకు చికిత్స జరుగుచుండెను. కాని కొన్ని వ్రణములు కరగిపోయినట్లే కనబడి, కొన్నాళ్లకు మరల తలయెత్తుచుండెను. మోతాదు పెంచినచో ప్రక్కనున్న ఆరోగ్యకణములు నశించును; తగ్గించినచో వ్యాధి మిగులును. రోగి ప్రాణ మీ రెంటి నడుమ ఊగులాడుచుండెను.

ఈ చిక్కునకు కారణమును గ్రే ప్రాణవాయువునందు వెదకెను. కిరణములు కణమునందు కలిగించిన గాయమును మాననీయక స్థిరపరచునది ప్రాణవాయువే. అది లేని కణమును చంపుటకు ఇంచుమించు మూడురెట్ల మోతాదు వలయును. చికిత్సకు ఈ విషయ మెంత ముఖ్యమో గ్రేయు, ఆయన సహచరులును 1953లో విశదపరచిరి. 1955లో టామ్లిన్సన్‌తో కలిసి ఊపిరితిత్తుల కాన్సరు ముక్కలను పరీక్షింపగా, సజీవకణముల పొర మందము మిల్లీమీటరులో అయిదవ వంతునకు మించకుండెను. ఆపైనున్నవి మృతకణములు.

సూర్యలంక తీరమున అల కొంతమేర ఇసుకను తడిపి ఇంకిపోవును. దాని కందని ఇసుక పొడిగానే యుండును. రక్తనాళము నుండి బయలుదేరు ప్రాణవాయువు తీరును అట్టిదే. చెంతనున్న కణములకు అది సమృద్ధిగా లభించును, దూరముననున్నవి చచ్చును. నడిమి కణములు మాత్రము అరకొర ఊపిరితో బ్రతికి, కిరణములను తట్టుకొని, మరల వ్యాధికి విత్తనము లగును.

ఈ జ్ఞానము వలన, రోగికి అధికపీడనమున ప్రాణవాయువు నిచ్చి చికిత్స చేయు ప్రయత్నములు జరిగెను. అవి ఆశించినంత సులభముగా ఫలింపలేదు. అయినను, మోతాదును దినదినము కొద్దికొద్దిగా ఇచ్చుటలోని మేలు పిదప తేటపడెను: పై కణములు నశించిన కొలది లోపలివానికి ప్రాణవాయువు చేరును, అప్పుడవియు కిరణములకు లొంగును.

గ్రే 1965 జూలై 9వ తేదీన మరణించెను. 1975లో వికిరణపు మోతాదునకు ప్రమాణముగా ఆయన పేరే నిర్ణయింపబడెను. కిలోగ్రాము పదార్థము ఒక జౌలు శక్తిని గ్రహించినచో అది ఒక గ్రే. నేడు గుంటూరులోనైనను, లండనులోనైనను, కాన్సరు రోగి చీటిపై వైద్యుడు వ్రాయు మోతాదులో ఆ పేరు నిలిచి యున్నది.