సత్యభామ చీర కట్టిన స్థానం నరసింహారావు



యాన్యువల్ డే దగ్గర పడిందంటే ప్రతి ఇంట్లో ఒకటే చర్చ. డ్రెస్ ఏమిటి, అద్దెకు ఎక్కడ దొరుకుతుంది, ఎంతవుతుంది? మైకేల్ జాక్సన్ పాటకు నల్ల టోపీ, తళుకుల కోటు కావాలి. తులాభారానికి కృష్ణుడి కిరీటం, సత్యభామ జడ కావాలి. ఈ హడావిడి మొదలవకముందే, వేషం కట్టడంలో తెలుగు నాట గొప్ప పేరు తెచ్చుకున్న ఒక నటుడి గురించి ఈ నెల మీకు చెప్పాలనుకుంటున్నాం. ఆయన స్థానం నరసింహారావు. మీ పిల్లలకు ఆయన పేరు తెలియకపోవచ్చు. మన నడిగడ్డ ఊళ్లలో పద్యనాటకాలు చూసి పెరిగిన మీ ఇంటి పెద్దలను అడిగి చూడండి.

ఆయన 1902లో బాపట్లలో పుట్టారు. తండ్రి చనిపోవడంతో చదువు మధ్యలోనే ఆగిపోయింది, ఇంటి బరువు చిన్న వయసులోనే మీద పడింది. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం వేస్తున్నారు. చంద్రమతి వేషం కట్టవలసిన నటుడు రాలేదు. ఆ వేషం నరసింహారావుకు ఇచ్చారు. అలా అనుకోకుండా కట్టిన చీర దాదాపు నాలుగు దశాబ్దాల పాటు ఆయన జీవితమైపోయింది.

చంద్రమతి వేషం ఎంత కష్టమో ఒక్కసారి ఆలోచించండి. మొదట ఆమె అయోధ్య మహారాణి. తర్వాత కాశీలో అమ్ముడుపోయిన దాసి. చివరికి శ్మశానంలో బిడ్డ శవంతో నిలబడ్డ తల్లి. ఒకే రాత్రి, ఒకే నటుడు. నగలు తీసేసి చీర మార్చినంత మాత్రాన రాణి దాసి అయిపోదు. నడక మారాలి, చూపు మారాలి, పద్యం ఎత్తుకునే గొంతు మారాలి. తొలి వేషమే ఆయనకు ఇలాంటి పాఠమైంది.

తర్వాత తెనాలిలోని రామవిలాస సభలో చేరి ఎన్నో స్త్రీ పాత్రలు వేశారు. సారంగధరలో చిత్రాంగి, విప్రనారాయణలో దేవదేవి, కన్యాశుల్కంలో మధురవాణి, మొగలు రాచకన్య రోషనార. వీళ్లలో ఏ ఇద్దరి కట్టూ ఒకటి కాదు. మధురవాణి చీర కట్టినట్టు దేవదేవి కట్టదు. రోషనారకు అసలు చీరే పనికిరాదు. పెట్రోమాక్స్ దీపాల వెలుతురులో, చివరి వరుసలో కూర్చున్నవాడికి కూడా వచ్చింది ఎవరో నోరు విప్పకముందే తెలియాలి. అందుకే ఆయన పాత్ర పాత్రకూ కట్టు, నగ, నడక, చూపు అన్నీ వేరుగా ఆలోచించుకునేవారు. ఈ అనుభవాలను నటస్థానం అనే పుస్తకంగా కూడా రాశారు.

అన్నిటికంటే పేరు తెచ్చింది శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ. ఆమె పాడే ప్రసిద్ధమైన పాటను ఆయనే రాసుకున్నారు. 1966లో వచ్చిన సినిమాలో సుశీల గారు పాడిన ఆ పాట మీలో చాలామందికి నోటికి వచ్చే ఉంటుంది. ఆ నాటకం కథేమిటో గుర్తు చేసుకోండి. సత్యభామ తన నగలన్నీ తెచ్చి తక్కెడలో పోస్తుంది. అయినా కృష్ణుడు తూగడు. రుక్మిణి భక్తితో వేసిన తులసి దళానికి తూగుతాడు. నగల మీద, కట్టు మీద అంత శ్రద్ధ పెట్టిన నటుడికి శాశ్వతంగా పేరు తెచ్చింది, నగలు ఎందుకూ చాలవని చెప్పే నాటకం!

మీ పిల్లలు మెచ్చే మైకేల్ జాక్సన్‌నే చూడండి. 1983లో తాను మొదటిసారి వేదిక మీద మూన్‌వాక్ చేసి చూపించిన ప్రదర్శనలో నల్ల టోపీతో మొదలుపెట్టి, పాట మొదట్లోనే దాన్ని పక్కకు విసిరేశాడు. మూన్‌వాక్ చేసింది ఆ తర్వాతే. మనం అద్దెకు తెచ్చేది టోపీని. వెనక్కి జారే ఆ అడుగుల సాధన అద్దెకు దొరకదు.

ఒక విషయం దాచకూడదు. ఆ రోజుల్లో సురభి సమాజాల వంటి చోట్ల తప్ప, మామూలు కుటుంబాల ఆడవాళ్లు నాటకాలు వేయడానికి సంఘం ఒప్పుకునేది కాదు. మగవాళ్లు ఆడ వేషాలు కట్టడానికి అదొక ముఖ్య కారణం. మన కర్నూలుకు అవతల బళ్లారిలో ఉన్న మహానటుడు రాఘవ దీన్ని ఒప్పుకోలేదు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టారు. ఈ రోజు మీ అమ్మాయి ధైర్యంగా స్టేజీ ఎక్కుతోందంటే అలాంటివారి పోరాటం కూడా దాని వెనక ఉంది.

కానీ స్థానం వారు ఆడ వేషాన్ని వెక్కిరింతగా ఎప్పుడూ కట్టలేదు. టీవీ కామెడీ షోలలో చీర కట్టిన మగవాణ్ణి చూసి నవ్వడం మనకు అలవాటైంది. రేపు మీ అబ్బాయికి చంద్రమతి వేషం వస్తే తోటి పిల్లలు నవ్వవచ్చు. మీరు మాత్రం నవ్వకండి. ఆ వేషాలతోనే స్థానం వారు 1956లో పద్మశ్రీ అందుకున్నారని వాడికి చెప్పండి. ఆయన 1971లో కన్నుమూశారు. సత్యభామ అంటే ఆయనే గుర్తొచ్చే ప్రేక్షకులు ఆ తర్వాత కూడా చాలాకాలం ఉన్నారు.

ఈ యాన్యువల్ డేకి మీకు కొన్ని సూచనలు.

డ్రెస్ గురించి ఆలోచించే ముందు పాత్ర గురించి మాట్లాడండి. ఆమె ఎవరు, ఎందుకు ఏడుస్తోంది, ఎవరి మీద కోపం? మీ పాప తన మాటల్లో చెప్పనివ్వండి.

రాజులు, దేవతల వేషమైతే ఒక ఆదివారం పిల్లల్ని మన నవబ్రహ్మ ఆలయాలకు తీసుకెళ్లండి. చాళుక్యుల కాలపు శిల్పాల్లో కిరీటం, కొప్పు, నడుము కట్టు ఎలా ఉన్నాయో చూపించండి. బొమ్మ గీయమనండి.

బీరువాలో ఉన్న గద్వాల చీరను మడతలు పెట్టి కట్టినా చిన్న సత్యభామ తయారవుతుంది. నూలు ఒడలికి పట్టు అంచు కలిపి నేసిన మన జిల్లా చీర అది. ఆ నేత గురించి కూడా పిల్లలకు చెప్పండి.

అద్దె డ్రెస్సే తెచ్చినా, ముందురోజే వేయించండి. అందులో కూర్చోనివ్వండి, నడవనివ్వండి, మెట్లు ఎక్కనివ్వండి. కిరీటం జారిపోతుందన్న భయం ఉంటే డైలాగు గుర్తుకు రాదు.

ఖరీదైన డ్రెస్ తేలేని తల్లిదండ్రులు ఆ రోజు తలవంచుకోనక్కర్లేదు. మీ బిడ్డ గొంతు చివరి వరుస దాకా వినిపిస్తే చాలు. చప్పట్లు అక్కడి నుంచే మొదలవుతాయి.