కచేరి కవిలెలు - పద్మానది లేఖలు

మహాపురుషుల జీవితములను వారి గ్రంథములనుండి గ్రహించుట లోకవాడుక. కాని యింటి పెట్టెలలో మిగిలిన జాబులును, ఆస్తి కాగితములును గ్రంథములు చెప్పని సంగతులను చెప్పును. రవీంద్రనాథ టాగూరు యౌవనమును తెలియగోరువారు ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచుకొని చదువవలెను.

ఆ కాగితముల కథ అప్పుతో ఆరంభమగును. పితామహుడగు ద్వారకానాథుడు వర్తకమున అపారధనము గడించి 1846 లో లండనున మరణించెను. రెండేండ్లు తిరుగకమునుపే కార్ టాగూరు కంపెనీ కూలిపోయెను. ద్వారకానాథుడు 1840 లోనే కొన్ని జమీలను ట్రస్టు దస్తావేజుచే వేరుపరచియుండుటచే ఋణదాతలకు వానిపై హక్కు లేకుండెను. అయినను జ్యేష్ఠపుత్రుడగు దేవేంద్రనాథుడు ఆ దస్తావేజు చాటున దాగక, ఆ జమీలను సైతము వారిముందుంచెను. వారాయన సత్యసంధతకు మెచ్చి గడువొసగిరి. ఆయన యేండ్లతరబడి మితవ్యయముతో కాలము గడపి ఋణము దీర్చెను.

మహర్షియని పేరొందిన ఆ దేవేంద్రుడు పద్దుల విషయమున మిక్కిలి కఠినుడు. చూపు మందగించిన వార్ధక్యమునందును ప్రతిమాసము రెండవ తేదీనో మూడవ తేదీనో కుమారుడు రవీంద్రునిచే లెక్కలు చదివించుకొనెడివాడు. తండ్రికి రుచింపదని తోచిన పద్దును దాటవేయ యత్నించినచో అది తప్పక బయటపడెడిది. నెల మొదటి దినములనిన రవీంద్రునికి గుండె దడగా నుండెడిది.

1890 ప్రాంతమున తండ్రి యాజ్ఞచే రవీంద్రుడు జమీ వ్యవహారము చేపట్టెను. శిలాయిదహము, షాజాద్‌పురము, పతిసరము ఆయన కార్యస్థానములు. పద్మ యను పడవలో నివసించుచు, శిస్తులు, బాకీలు, రైతుల అర్జీలు చూచుచు, తీరిక దొరికినపుడు అన్నగారగు సత్యేంద్రనాథుని కూతురు ఇందిరాదేవికి జాబులు వ్రాసెడివాడు. ఏటియిసుకతిన్నెలు, వర్షాకాలపు మబ్బులు, గ్రామపు పోస్టుమాస్టరు ముచ్చటలు అందు గలవు. అంతియే కాదు. 1893 లో ఏరు పొంగగా, సగము పండిన వరిని కోసి పడవలపై తెచ్చుకొను రైతుల దైన్యము గలదు. ధనమును అందరికి సమముగ పంచుట సాధ్యమా, కానిచో ఈశ్వరుని విధి యెంత క్రూరము అను వేదనయు గలదు.

ఇచట సత్యమును మరుగుపరచరాదు. ఆ పడవ నడచినది రైతు చెల్లించిన శిస్తుతోనే. రవీంద్రుడు దీని నెరుగును. పేదవాని రెండు బిఘాల నేలను అపహరించిన భూస్వామిని గూర్చిన గేయమును 1895 లో, తాను జమీ నేలుచుండగనే, ఆయన రచించెను. 1926 లో రైతు సమస్యను గూర్చి వ్రాయుచు, జమీందారు పరోపజీవియని యొప్పుకొనెను. అయినను భూమిని ఉన్నపాటున రైతున కప్పగించినచో అది వడ్డీవ్యాపారి పాలగునని భయపడెను.

ఆ భయమునకు ఆయన కనుగొన్న మందు బ్యాంకు. 1905 లో మిత్రులయొద్ద అప్పుచేసి పతిసరమున వ్యవసాయ బ్యాంకును స్థాపించెను. 1906 లో కుమారుని వ్యవసాయశాస్త్రమునకై అమెరికా పంపెను. 1913 లో లభించిన నోబెలు ధనమును ఆ బ్యాంకునందే నిలువచేసెను. అప్పు రైతునకును, వడ్డీ శాంతినికేతన పాఠశాలకును చేరవలెనని సంకల్పము. పిమ్మట ఋణవిమోచన శాసనములు వచ్చి బాకీలు వసూలుకాకపోగా ఆ మూలధనము తిరిగిరాలేదు. తాత యప్పు తండ్రి తీర్చెను. రైతులకిచ్చిన యప్పు కుమారునకు చేరలేదు. 1937 లో ఆయన కడసారి పతిసరము దర్శించెను. 1941 ఆగస్టు 7 వ తేదీన కీర్తిశేషుడయ్యెను.

1950 శాసనముచే తూర్పు బెంగాలున జమీందారీలు రద్దయ్యెను. ఆ కవిలెల అధికారము నేడు లేదు. ఇందిరాదేవి రెండు పుస్తకములలో నకలుచేసి కాపాడిన జాబులు మాత్రము 1912 లో ఛిన్నపత్రముగను, 1960 లో మరింత సమగ్రముగను వెలువడి నిలిచినవి. అయినను ఆ లెక్కలు చూడవలసిన పని లేనిచో ఆ కలకత్తా యువకుడు పద్మాతీరమునకు పోయియుండడు. రైతు ముఖమును అంత దగ్గరగా చూచియుండడు. కవిని స్తుతించువారు ఆ శిస్తు చెల్లించిన అజ్ఞాత కృషీవలుని సైతము స్మరించుట న్యాయము.