చీనా దేశపు మిస్సమ్మ లాటీ మూన్

దేవదూత అనగానే మన పిల్లలకు తెల్లని బట్టలు, కాగితపు రెక్కలు జ్ఞాపకమునకు వచ్చును. క్రిస్మస్ నాటకములో వారిని అట్లు అలంకరించువారము మనమే గదా! లూకా సువార్త రెండవ అధ్యాయములో గొఱ్ఱెల కాపరులయొద్దకు వచ్చిన దూతకు రెక్కలున్నట్లు వ్రాయబడలేదు. దూత యనగా వార్త మోసికొని వచ్చువాడు. చీనా భాషలోను అట్లే. వారి మాట తియెన్‌షి, పరలోకపు రాయబారి యని దాని అర్థము. ఆ మాటను మనస్సునందుంచుకొని ఈ నెల లాటీ మూన్ మిస్సమ్మ చరిత్రను ధ్యానింతము.

ఆమె 1840 డిసెంబరు 12వ తేదీన అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున కలిగిన కుటుంబములో పుట్టెను. బాగుగా చదువుకొని, ఉపాధ్యాయినిగా పనిచేసి, 1873లో బాప్టిస్టు మిషనరీగా చీనా దేశపు షాన్‌టుంగ్ రాష్ట్రములోని తెంగ్‌చౌ పట్టణము చేరెను.

అక్కడివారు పరలోకమను మాట ఎరుగనివారు కారు. ఇండ్లలో పొయ్యి దగ్గర వంటింటి దేవుని పటము అంటించియుండెడిది. సంవత్సరాంతమున ఆ దేవుడు పైకి పోయి, ఆ యింటివారి మంచిచెడ్డలు పరలోకపు రాజుకు విన్నవించునని వారి నమ్మకము. కాబట్టి అతడు చెడ్డ మాట చెప్పకుండునట్లు నోటికి తీపి పూసి, పటమును కాల్చి సాగనంపెడివారు. మనము నవ్వనక్కరలేదు. మైసమ్మకు కోపము రాకుండ పొలిమేరలో కోడిని కోయు ఊళ్లు మన హుజూర్‌నగరు చుట్టునూ ఉన్నవి. తప్పులు పైకి మోయువానికి భయపడు జనులకు, సంతోషవార్తను క్రిందికి తెచ్చు దూతను గూర్చి చెప్పుట ఎట్లు? మిస్సమ్మ యెదుట నిలిచిన పని యిది.

పైగా వారు ఆమెనే విదేశపు దయ్యమనిరి. వీధి పిల్లలు ఆ పేరుతోనే కేకలు వేసిరి. 1885లో ఆమె లోపలనున్న పింగ్‌టూ పట్టణమునకు ఒంటరిగా పోయి కాపురముండెను. చీనా స్త్రీలవలె బట్టలు కట్టెను. తీపి బిస్కత్తులు కాల్చి పిల్లలకు పెట్టగా, విషముండునని తల్లులు వద్దనిరి. పిల్లలు వినలేదు, తీపి యెదుట ఏ దేశపు పిల్లలైనను ఒక్కటే. పిల్లల వెనుక తల్లులును వచ్చిరి, పిమ్మట తమ యిండ్లకు పిలిచిరి.

1887లో షాలింగ్ గ్రామస్థులు బోధ వినగోరి ఆమెను వెదకుచు వచ్చిరి. 1889లో అక్కడ సంఘము ఏర్పడెను. తన స్థలమున నిలుచువారు లేనందున ఆమె సెలవు మీద స్వదేశమునకు పోక ఆగెను. స్వదేశపు స్త్రీలకు ఉత్తరము వ్రాసి, క్రిస్మస్‌కు ముందటి వారమును ప్రార్థనకును కానుకకును ప్రత్యేకింపుమని కోరెను. 1888లో ఆ స్త్రీలు 3,315 డాలర్లు కూర్చిరి. ముగ్గురు మిషనరీలను పంపుటకు అది చాలెను. వంటకు ముందు గుప్పెడు బియ్యము తీసిపెట్టు మన తల్లులకు ఈ లెక్క వేరుగా చెప్పనక్కరలేదు.

నేడు చీనా పట్టణములలో అనేకులకు క్రిస్మస్ యౌవనుల వేడుక, అంగళ్ల సందడి. ఆ ముందు రాత్రికి వారు శాంతి రాత్రి యని పేరు పెట్టిరి. ఆపిల్ పండు పేరులో శాంతి యను శబ్దము వినబడుటచేత ఒకరికొకరు ఆపిల్ పండ్లు ఇచ్చుకొందురు. దూత కాపరులకు చెప్పిన వార్తలోని మాటయే అది. పండు పుచ్చుకొనువారిలో ఎందరు ఎరుగుదురో!

ఇక మిస్సమ్మ కడపటి క్రిస్మస్ సంగతి. 1911, 1912 సంవత్సరములలో ఆ దేశమున విప్లవమును కరువును వచ్చెను. ఆమె తన సొమ్ము ఆకలిగొన్నవారికిచ్చి, మిగుల క్షీణించెను. స్నేహితులు ఆమెను ఒక నర్సుతో ఓడ యెక్కించి స్వదేశమునకు పంపిరి. ఓడ జపాను దేశపు కోబే రేవులో నిలిచియుండగా 1912 డిసెంబరు 24వ తేదీన, తన 72వ యేట, ఆమె ప్రభువునందు నిద్రించెను. 1918లో స్త్రీల క్రిస్మస్ కానుకకు ఆమె పేరు పెట్టబడెను. తెంగ్‌చౌ సంఘస్థులు ఆమె జ్ఞాపకార్థము తమ గుడియొద్ద ఒక రాతిఫలకము నిలిపిరి.