మూడుసార్లు ఫెయిలైన వైద్యుడు

గ్రూప్స్ పోయిందని తలకాయ దించుకొని కూసున్న తమ్ముళ్లకు నేను లీ షిజెన్ ముచ్చట చెప్త. 1518ల చైనాల, ఇప్పటి హుబె రాష్ట్రంల పుట్టిండు. తాత ఊరూరు తిరిగి మందులిచ్చేటోడు, నాయిన వైద్యుడు. అప్పట్ల వైద్యులకు ఇజ్జత్ తక్కువ. కొడుకు సర్కారు కొలువు చెయ్యాలని నాయిన ఆశ. పెద్ద పరీక్ష మూడుసార్లు రాసిండు, మూడుసార్లూ తప్పిండు. ఇగ నాయిన దగ్గర్నే వైద్యం నేర్చిండు.

పాత మందుల పుస్తకాలల్ల తప్పులు కనవడ్డయి. ఒక మొక్కకు బదులు ఇంకోటి ఇస్తే రోగి పాణమే పోతది. అందుకే 1552ల కలం పట్టిండు. రైతులను, చేపలు పట్టేటోళ్లను, వేటగాళ్లను అడిగిండు. అలుగు చీమలు తింటదంటే ఉత్తగ నమ్మలే, దాని కడుపు కోసి చూసిండు. ఆయుష్షు కోసం రాజులు మింగే పాదరసం విషమని రాసిండు. నాడి చూసుడు మీద, ఆక్యుపంక్చర్‌కు ఆధారమని చైనా వైద్యం చెప్పే శక్తి దారుల మీద వేరే పుస్తకాలు రాసిండు. 1,892 మందుల పెద్ద గ్రంథానికి 27 ఏండ్లు పట్టింది. అది 1596ల అచ్చయింది. ఆయన 1593లనే కన్నుమూసిండు.

అండ్ల ఉన్నయన్నీ నిజాలని నేననను, ఆ కాలం నమ్మకాలు గూడ ఉన్నయి. కానీ వాట్సాప్‌ల వచ్చిన ఆకుపసరు అమ్మకు తాపే ముందు, తెలిసిన డాక్టర్‌ను ఒక్కమాట అడుగుండ్రి. లీ షిజెన్ బతుకంత చేసింది గా అడుగుడే.