వెన్న కొలిచిన బాబ్‌కాక్

మన గోడపత్రికలో ఎక్కువగా దేశనాయకుల జీవితాలే వస్తాయి. నేను ఈసారి పాలు పరీక్షించిన ఒక శాస్త్రవేత్త గురించి రాస్తున్నాను. ఆయన పేరు స్టీఫెన్ మౌల్టన్ బాబ్‌కాక్. 1843లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. జర్మనీలోని గోటింగెన్‌లో రసాయనశాస్త్రం చదివి 1879లో డాక్టరేట్ తెచ్చుకున్నారు. తర్వాత విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చేరారు.

ఆ రోజుల్లో అక్కడి వెన్న, జున్ను ఫ్యాక్టరీలు పాలను తూకం వేసి డబ్బులిచ్చేవి. చిక్కటి పాలకూ నీళ్ళపాలకూ ఒకటే ధర! దాంతో కొందరు మీగడ తీసేసి పోసేవాళ్ళు, కొందరు నీళ్ళు కలిపేవాళ్ళు. నష్టపోయిందెవరు? మంచి పాలు పోసిన రైతే. పాలలో వెన్న ఎంతుందో తేల్చాలంటే ప్రయోగశాల కావాలి, చదువుకున్నవాళ్ళు కావాలి, చాలాసేపు పట్టేది.

1890లో బాబ్‌కాక్ సులువైన పద్ధతి కనిపెట్టారు. పొడుగు మెడ సీసాలో 17.6 మిల్లీలీటర్ల పాలు పోసి, దాదాపు అంతే సల్ఫ్యూరిక్ ఆమ్లం కలుపుతారు. వెన్న తప్ప మిగతాదంతా ఆమ్లంలో కరిగిపోతుంది. సీసా చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, కాబట్టి మన ల్యాబ్‌లో సార్ లేకుండా ఎవరూ చెయ్యకండి! ఆ సీసాను యంత్రంలో పెట్టి గిర్రున తిప్పి, వేడినీళ్ళు పోసి మళ్ళీ తిప్పితే వెన్న తేలి మెడలోకి వస్తుంది. మెడ మీద గీతలుంటాయి. వాటిని చూస్తే శాతం తెలిసిపోతుంది. పాలు పోసిన రైతు కూడా పక్కనే నిలబడి చూసుకోవచ్చు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

దీనికి ఆయన పేటెంట్ తీసుకోలేదు. అందరికీ ఊరికే ఇచ్చేశారు.

మరి సీసా మీద గీతలే తప్పుగా ఉంటే? అందుకని అక్కడి చాలా రాష్ట్రాలు సీసాలను తనిఖీ చేయాలని చట్టాలు చేశాయి. బాబ్‌కాక్ 1931లో చనిపోయారు. 1937లో అమెరికా ప్రభుత్వం చేసిన చట్టం కింద, 3.5 శాతం వెన్న ఉన్న పాలకు కనీస ధర కట్టేవారు. వెన్న పెరిగితే ధర పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. వెన్న కొలిచే దారి లేకపోతే ఇలాంటి చట్టం కాగితం మీదే ఉండిపోయేది. అయితే వెన్న ఒక్కటే చూడడం కూడా పూర్తి న్యాయం కాదు, పాలలో మాంసకృత్తులున్నాయి కదా. 2000 నుంచి అక్కడ చాలా ప్రాంతాల్లో వాటికీ విడిగా లెక్కకట్టి డబ్బులిస్తున్నారు.

మన దేశంలో ఎక్కువగా వాడుకలోకి వచ్చింది దీనికి దగ్గరి చుట్టమైన గెర్బర్ పద్ధతి. ఇప్పుడు చాలాచోట్ల మిషన్లు వచ్చేశాయి. సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు మీ ఇంట్లో పాలు పోస్తుంటే, ఫ్యాట్ ఎంతొచ్చిందో చీటీ అడిగి చూడండి.