రోసలిండ్ పేజెట్

డేమ్ మేరీ రోసలిండ్ పేజెట్ (జనవరి 4, 1855 - ఆగష్టు 19, 1948) ఇంగ్లాండుకు చెందిన నర్సు, మంత్రసాని, సంస్కర్త. బీదల ఇళ్ళకు వెళ్ళి పరిచర్య చేసే నర్సుల వ్యవస్థను తీర్చిదిద్దిన తొలితరం అధికారిణి. మంత్రసానుల నమోదు చట్టం కొరకు పాటుపడినవారిలో ముఖ్యురాలు. 1894లో లండను నగరంలో అంగమర్దన వృత్తికి తీవ్రమైన చెడ్డపేరు వచ్చినపుడు, మరి ముగ్గురు నర్సులతో కలిసి శిక్షణ పొందిన మర్దనకారిణులకు ఒక సంఘాన్ని స్థాపించి, ఆ వృత్తికి నియమావళిని ఏర్పరచింది. ఆ సంఘమే కాలక్రమంలో నేటి చార్టర్డ్ సొసైటీ ఆఫ్ ఫిజియోథెరపీగా రూపొందింది.

జననం, కుటుంబం

పేజెట్ లివర్‌పూల్ నగరంలోని గ్రీన్‌బ్యాంక్ గృహంలో జన్మించింది. తండ్రి జాన్ పేజెట్ లండనులో పోలీసు మెజిస్ట్రేటు. తల్లి ఎలిజబెత్, లివర్‌పూల్‌లో పేరెన్నికగన్న రాత్‌బోన్ వర్తక కుటుంబానికి చెందినది. మేనమామ విలియం రాత్‌బోన్ 1859లో తన భార్య జబ్బుపడినపుడు ఇంటివద్ద పరిచర్యకు ఒక నర్సును నియమించాడు. భార్య మరణానంతరం అదే నర్సును నగరంలోని బీదల ఇళ్ళకు పంపించాడు. ఇంగ్లాండులో ఇంటింటి నర్సుల వ్యవస్థకు ఇదే నాంది. భారతదేశంలోని బాల్యవివాహాలకు వ్యతిరేకంగా పోరాడిన పార్లమెంటు సభ్యురాలు ఎలియనార్ రాత్‌బోన్ ఈయన కుమార్తె. అనగా పేజెట్‌కు మేనమామ కూతురు.

నర్సు వృత్తి

పేజెట్ లండనులోని వెస్ట్‌మినిస్టర్ ఆసుపత్రిలోను, తరువాత లండన్ ఆసుపత్రిలోను నర్సుగా శిక్షణ పొందింది. మంత్రసాని విద్యను కూడా అభ్యసించి పట్టా తీసుకొన్నది. కలిగిన ఇంటి ఆడపిల్లలు జీతానికి పనిచేయడాన్ని సమాజం చిన్నచూపు చూసే రోజులవి.

1887లో విక్టోరియా రాణి పాలన స్వర్ణోత్సవ సందర్భంగా దేశంలోని స్త్రీలు సమర్పించిన కానుకలో 70,000 పౌండ్లను రాణి నర్సుల సేవకు కేటాయించింది. ఆ సొమ్ముతో ఏర్పడిన జూబిలీ సంస్థకు పేజెట్ మొదటి పర్యవేక్షకురాలిగా, తరువాత ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా పనిచేసింది. ఈ సంస్థ నర్సులకు కట్టుదిట్టమైన నియమాలు ఉండేవి. నర్సు రోగి ఇంట మతవిషయాలలో జోక్యం చేసుకొనరాదు. దానధర్మాలు చేయడం ఆమె పని కాదు. వైద్యుని సూచనలు పాటించాలి. తలుపు తెరిచి లోపలికి రానిచ్చిన ఇంటివారి నమ్మకాన్ని నిలుపుకొనడానికి పనికి హద్దులుండాలన్న ఆలోచన ఈ నియమాలలో కనిపిస్తుంది. తరువాతి కాలంలో మర్దన వృత్తిలో పేజెట్ చేసిన పనికి ఈ అనుభవం తోడ్పడింది.

మంత్రసానుల కొరకు కృషి

1881లో మంత్రసానుల కొరకు ఏర్పడిన సంఘంలో పేజెట్ చేరి, అనేక సంవత్సరాలు కోశాధికారిగా పనిచేసింది. 1887లో వెలువడిన నర్సింగ్ నోట్స్ పత్రిక స్థాపకులలో ఈమె ఒకరు. దీర్ఘకాలం జరిగిన ఉద్యమం ఫలితంగా 1902లో మంత్రసానుల చట్టం వచ్చింది. ధృవపత్రం లేనివారు 1905 నుండి మంత్రసాని అని పిలిపించుకొనరాదని, 1910 నుండి డబ్బు తీసుకొని వృత్తిగా ప్రసవాలు చేయరాదని ఈ చట్టం నిర్దేశించింది. చట్టం క్రింద ఏర్పడిన కేంద్ర మంత్రసానుల మండలిలో పేజెట్ 1924 వరకు సభ్యురాలు. ఏ స్థితిలో మంత్రసాని తన ప్రయత్నం మాని వైద్యుని పిలిపించాలో కూడా ఈ మండలి నియమాలు తెలిపాయి.

1894 నాటి అపవాదు

పందొమ్మిదవ శతాబ్దం చివరినాటికి యూరప్‌లో మర్దన చికిత్సకు ఆదరణ పెరిగింది. స్వీడన్‌లో పెర్ హెన్రిక్ లింగ్ 1813లో వ్యాయామ విద్యాలయం స్థాపించాడు. ఆమ్‌స్టర్‌డామ్ వైద్యుడు మెజ్గర్ మర్దనకు వైద్యవర్గాలలో గౌరవం తెచ్చాడు. అమెరికా వైద్యుడు వైర్ మిచెల్ నరాల బలహీనతకు విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, మర్దన కలిపి సూచించాడు. ఈ పద్ధతి 1880లలో ఇంగ్లాండుకు చేరింది. నర్సులు అనేకులు ఈ విద్య నేర్చుకొని జీవనోపాధి పొందసాగారు.

దీనితోపాటు లండనులో మర్దనశాలల పేరుతో వ్యభిచార గృహాలు కూడా వెలిశాయి. 1894లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ వీటి గుట్టు బయటపెట్టింది. పత్రికలలోని కొన్ని మర్దన ప్రకటనల అసలు ఉద్దేశం వేరని, శిక్షణ ఇస్తామని యువతుల వద్ద సొమ్ము తీసుకొని పనికిరాని పట్టాలిచ్చి వంచించేవారున్నారని ఆ పత్రిక హెచ్చరించింది. ఈ వార్తలతో నిజాయితీగా పనిచేస్తున్న నర్సులకు కష్టం వచ్చింది. పనిలో నేర్పున్నా, నడతలో లోపం లేకపోయినా, మర్దన చేస్తానని చెప్పుకొనడమే అనుమానానికి కారణమయ్యే పరిస్థితి ఏర్పడింది. అసలుకు, నకిలీకి తేడా తెలుసుకొనే గుర్తు ప్రజల వద్ద గాని వైద్యుల వద్ద గాని లేదు.

మర్దనకారిణుల సంఘం

ఈ పరిస్థితులలో పేజెట్, లూసీ రాబిన్సన్, ఎలిజబెత్ మాన్లీ, మార్గరెట్ పామర్ కలిసి 1894లో శిక్షణ పొందిన మర్దనకారిణుల సంఘాన్ని స్థాపించారు. 1895లో సంఘం మొదటి పరీక్ష నిర్వహించింది. ఉత్తీర్ణులకు ఇచ్చే పట్టా వైద్యులకు, రోగులకు ఒక హామీపత్రంగా ఉపయోగపడింది. సభ్యులు పాటించవలసిన ముఖ్యమైన నియమాలు ఇవి:

1. వైద్యుని ఆదేశం లేకుండా మర్దన చేయరాదు.
2. పురుషులకు సాధారణ మర్దన చేయరాదు. వైద్యుడు ప్రత్యేకంగా కోరిన అత్యవసర సందర్భాలకు మాత్రమే మినహాయింపు.
3. వైద్య పత్రికలలో తప్ప ఇతరత్రా ప్రకటనలు ఇవ్వరాదు.
4. రోగులకు మందులు అమ్మరాదు.

మొదటి నియమం వలన ప్రతి చికిత్సకు ఒక కారణం, ఒక బాధ్యుడు ఏర్పడినారు. మూడవ నియమం మర్దనశాలల ప్రకటనలనుండి సభ్యులను వేరుచేసింది. నాలుగవది నేటికీ అన్ని వైద్యవృత్తులకు వర్తించేదే. చికిత్స చేసే మనిషి అమ్మకందారు కూడా అయినచో, ఇచ్చిన సలహా రోగి మేలు కొరకా, తన లాభం కొరకా అన్న సందేహం తప్పదు.

విమర్శలు

ఈ నియమాలు వృత్తిని కాపాడినప్పటికీ, వాటికి మూల్యం చెల్లించవలసి వచ్చింది. పురుష రోగులు చాలావరకు సభ్యుల సేవకు దూరమయ్యారు. వైద్యుని ఆదేశం తప్పనిసరి కావడంతో మర్దనకారిణికి తన స్వంత నిర్ణయాధికారం లేకపోయింది. తప్పు చేయనివారు కూడా తమ శీలానికి ఋజువు చూపవలసి వచ్చిందని, తప్పుదారిన వచ్చే పురుషుని బదులు పనిచేసే స్త్రీకే కట్టుబాట్లు విధించబడినవని నేటి పాఠకునికి తోచవచ్చు. ఈ విమర్శలో న్యాయం ఉన్నది. అయితే చట్టరక్షణ లేని నాటి స్త్రీలకు తమపై తాము విధించుకొన్న కట్టుబాటు తప్ప వేరే ఆధారం లేదన్న విషయం కూడా గుర్తుంచుకోవాలి.

సంఘం వికాసం

1900లో సంఘం చట్టబద్ధమైన సంస్థగా నమోదయినది. మొదటి ప్రపంచయుద్ధంలో (1914-18) గాయపడిన సైనికులకు పెద్దయెత్తున మర్దన చికిత్స అవసరమయ్యింది. పురుషులకు మర్దన చేయరాదన్న పట్టింపు యుద్ధపు ఆసుపత్రులలో సాగలేదు. వేలాది సైనికులకు స్త్రీలే చికిత్స చేశారు. పట్టా, శిక్షణ, పర్యవేక్షణ ఉన్నచోట స్త్రీపురుష భేదం చికిత్సకు అడ్డుకాదని దీనివలన ఋజువైనది. ఈ కాలంలో పనిచేసిన ఆల్మెరిక్ పేజెట్ మర్దన దళం, ఆ పేరుగల మరొకరు స్థాపించినది. రోసలిండ్ పేజెట్ స్థాపించినది కాదు.

1920లో రాయల్ చార్టర్ లభించింది. పురుషులకు కూడా సభ్యత్వం ఇవ్వబడింది. 1944లో సంస్థ ప్రస్తుత నామాన్ని స్వీకరించింది. 1951లో ఏర్పడిన ప్రపంచ ఫిజియోథెరపీ సమాఖ్య స్థాపక సంస్థలలో ఇది ఒకటి. వైద్యుని ఆదేశం తప్పనిసరి అన్న నియమం 1970ల చివరలో సడలింది.

భారతీయ సంప్రదాయంతో పోలిక

వైద్యుని నడతకు హద్దులు ఏర్పరచడం మనకు కొత్త కాదు. వైద్యుడు స్త్రీలతో ఏకాంతంగా కూర్చొనుట, పరిహాసమాడుట కూడదని, వారినుండి భోజనం తప్ప వేరేమీ స్వీకరించరాదని సుశ్రుత సంహిత తెలుపుతున్నది. తెలిసినవారు వెంట ఉండగా, అనుమతితోనే రోగి ఇంట ప్రవేశించాలని, ఆ ఇంటి విషయాలు బయట చెప్పరాదని చరక సంహిత బోధిస్తున్నది. పేజెట్ కాలపు నియమాలకు, వీటికి పోలిక స్పష్టం.

రాయచోటి వంటి రాయలసీమ ప్రాంతాలతో సహా తెలుగునాట ప్రసవం చేసిన మంత్రసానియే బాలింతకు, బిడ్డకు నూనె రాసి ఒళ్ళు మర్దించి నీళ్ళు పోసే ఆచారం ఉండేది. ఊరంతటికీ తెలిసిన మనిషి కనుక ఆ పరిచయమే నమ్మకానికి ఆధారం. ముక్కూమొగం తెలియనివారి చేతికి ఒళ్ళు అప్పగించే పట్టణాలలో పరిచయం స్థానంలో పట్టా, నియమావళి అవసరమవుతాయి. భారతదేశంలో ఫిజియోథెరపిస్టుల సంఘం 1955లో ఏర్పడింది. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం పరిధిలోకి ఫిజియోథెరపీ వచ్చింది. చేయబోయే చికిత్సను ముందుగా వివరించి సమ్మతి తీసుకొనుట, అవసరమైన భాగాన్ని మాత్రమే తాకుట, కోరినచో తోడుమనిషిని ఉండనిచ్చుట, రోగితో వ్యక్తిగత సంబంధం పెట్టుకొనకుండుట, రహస్యాలు కాపాడుట నేడు ఈ వృత్తిలో సర్వత్రా అంగీకరించబడిన మర్యాదలు. వైద్యుని ఆజ్ఞకు ఉన్న ప్రాధాన్యం రోగి సమ్మతికి మారడం ఈ వందేళ్ళలో వచ్చిన పెద్ద మార్పు.

చివరి రోజులు

1935లో బ్రిటిష్ ప్రభుత్వం పేజెట్‌కు డేమ్ బిరుదు ప్రదానం చేసింది. ఈమె పాటుపడిన మంత్రసానుల సంఘం 1941లో మంత్రసానుల కళాశాలగా మారి, 1947లో రాయల్ అన్న గౌరవనామం పొందింది. ఆ మరుసటి ఏడు, 1948 ఆగష్టు 19న, తన 93 ఏళ్ళ వయసులో ససెక్స్ ప్రాంతంలోని బోల్నీ గ్రామంలో పేజెట్ మరణించింది.